షాట్‌గన్ మీద బీడ్ విరిగినా, ఊడినా ఇంట్లోనే ఎలా మార్చుకోవాలి

షాట్‌గన్ బ్యారెల్ కొసన, పైన, గురి చూసుకోవడానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల ఇత్తడి గుండు ఒకటి ఉంటుంది కదా, అదే బీడ్. ట్రక్కు డోరుకు తగిలో, కేసులో పెట్టేటప్పుడు జిప్పుకు పట్టుకునో, పొలం కంచె దాటుతుంటే ఇనుప స్తంభానికి కొట్టుకునో అది వంగుతుంది, విరుగుతుంది, లేదా నెమ్మదిగా వదులై ఎక్కడో గడ్డిలో రాలిపోతుంది. కొత్త ఇత్తడి బీడ్ ఖరీదు అమెరికాలో మన హోటల్లో ఒక మసాలా దోసె కంటే ఎక్కువేం కాదు, అన్నీ కుదిరితే పని కూడా అరగంటలో అయిపోతుంది. అయినా ఆ అరగంటలోనే బ్యారెల్ పాడుచేసుకునేవాళ్ళు ఉన్నారు, చేతికందిన స్క్రూ తీసుకుని రంధ్రంలో పెట్టి తిప్పేయడం వల్ల. బిగించడం ఎవరికైనా వస్తుంది, ఏ సైజు మర అన్నది కనుక్కోవడమే అసలు పని. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది అమెరికాలో చట్టప్రకారం సొంత షాట్‌గన్ ఉన్నవాళ్ళ కోసం రాసింది. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తుపాకి రిపేరును కూడా లైసెన్సు కిందే పెట్టింది, కాబట్టి ఊళ్ళో తాతగారి పన్నెండు బోరు ఇంకా ఇంట్లో ఉంటే దాన్ని లైసెన్సున్న ఆయుధాల షాపుకే తీసుకెళ్ళండి. ఇక్కడ అమెరికాలో కూడా హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ స్నేహితుడి తుపాకిని "నేను బాగుచేస్తాలే" అని ఇంటికి తెచ్చుకునే ముందు ఆ సంగతి తేల్చుకోండి. బీడ్ మాత్రం విడి భాగమే, దాన్ని ఆన్‌లైన్లో తెప్పించుకోవడానికి ఏ కాగితాలూ అక్కర్లేదు.

బీడ్ లేకపోతే నిజంగా అంత నష్టమా అంటే, ఏం వేటాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎగిరే డవ్‌ని కొట్టేవాడు బీడ్ వైపు చూడడు, చూస్తే గురి తప్పుతుంది కూడా. కన్ను పిట్ట మీద ఉంటుంది, బీడ్ కంటి అంచున మసకగా కనబడుతుందంతే. సీజన్ మధ్యలో విరిగితే ఆ వారాంతం అలాగే కానిచ్చేయొచ్చు. టర్కీ కోడి విషయం అలా కాదు. అది నిలబడి ఉండగా తల, మెడ మీద గురిపెట్టి బిగుతు చోక్‌తో (బ్యారెల్ కొసని లోపల ఇరుకు చేసే భాగం) కొడతారు, పెల్లెట్లన్నీ (తూటాలోని చిన్న గుళ్ళు) చిన్న చోటే పడతాయి, బీడ్ లేకుండా కొడితే పిట్టకు గాయం చేసి వదిలేయడమే అవుతుంది. జింక కోసం స్లగ్, అంటే ఒకే పెద్ద గుండు, వాడేవాళ్ళయితే బీడ్ సరిగ్గా లేని తుపాకిని బయటికి తీయకండి.

ఇక పనిలోకి.

తుపాకి ఖాళీ చేయండి. యాక్షన్ (తూటా ఎక్కించి తీసే యంత్రభాగం) తెరిచి ఛాంబర్లో (తూటా కూర్చునే చోట) చూడండి, వేలు పెట్టి తడిమి చూడండి, పంప్ (ముందుచెక్క లాగితే తూటా ఎక్కేది) లేదా ఆటో (దానంతటదే ఎక్కేది) అయితే మ్యాగజైన్ ట్యూబులోకి కూడా చూడండి, ఎందుకంటే జనం మరిచిపోయేది అక్కడ మిగిలిన తూటానే. తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టండి. ఆ తర్వాత బ్యారెల్ ఊడదీయండి. రెమింగ్టన్ 870 లాంటి పంప్‌కి మ్యాగజైన్ మూత తిప్పితే వచ్చేస్తుంది, మాస్‌బర్గ్ 500కి ముందున్న టేక్‌డౌన్ స్క్రూ విప్పాలి, ఓవర్ అండర్‌కైతే (ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెళ్ళున్నది) ముందుచెక్క తీసి మడిచి విడదీయాలి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఒట్టి ఇనప గొట్టం. పిల్లలున్న ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పని చేస్తున్నా టెన్షన్ లేకుండా ఉండాలంటే ఇదొక్కటే పద్ధతి. చోక్ ట్యూబ్ కూడా తీసి పక్కన పెట్టండి, దానితో తర్వాత పని ఉంది.

ఇప్పుడు ఏం పాడైందో చూడాలి. మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో. బీడ్ మొత్తం ఊడిపోయి రంధ్రం ఖాళీగా ఉంటే మీరు అదృష్టవంతులే. బీడ్ వంగి ఉంటే దాన్ని నిటారుగా చేయాలని చూడకండి, ఇత్తడి కాడ మర మొదట్లోనే పుటుక్కున విరుగుతుంది, అప్పుడు చిన్న పని పెద్ద పనవుతుంది. గుండు విరిగి కాడ రంధ్రంలోనే ఉండిపోయిందా, దాని సంగతి కింద చెబుతాను. ఇవి కాక, కొన్ని సాదా బ్యారెళ్ళకి, అంటే పైన రిబ్ (బ్యారెల్ పొడవునా ఉండే పట్టీ) లేనివాటికి, బీడ్ కింద చిన్న ఇనప దిమ్మ ఒకటి అతికించి ఉంటుంది. ఆ దిమ్మే ఊడితే అది వెండి టంకం పని, గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. పాత డబుల్ బ్యారెళ్ళలో కొన్నింటికి బీడ్ మర లేకుండా ఒత్తి దిగ్గొట్టి ఉంటుంది, తిప్పితే రాదు. అనుమానం వస్తే తిప్పడం ఆపేయండి.

మర సైజు కనుక్కోవడం

షాట్‌గన్ బీడ్లకు ఒకే సైజు అంటూ లేదు. ఎక్కువగా కనబడేవి అయిదు. 3-56 అంటే కాడ మందం దాదాపు 2.5 మి.మీ., అంగుళానికి 56 చుట్లు. 5-40 అంటే 3.2 మి.మీ. దగ్గర, 40 చుట్లు. 6-48 అంటే 3.5 మి.మీ., 48 చుట్లు. మెట్రిక్‌లో రెండు, 2.6 మి.మీ. కాడకు 0.45 మి.మీ. పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం), 3 మి.మీ. కాడకు 0.5 పిచ్. ఇటలీ తుపాకులు చాలావరకు 3 మి.మీ., జపాన్‌లో తయారైన బ్రౌనింగులు చాలావరకు 2.6. రెమింగ్టన్, మాస్‌బర్గ్, వించెస్టర్ల విషయంలో మాత్రం కంపెనీ పేరు చూసి కొనేయకండి. ఒకే మోడల్‌కి ఒక ఏడాది ఒక సైజు, ఇంకో ఏడాది ఇంకో సైజు వేశారు, రిబ్ ఉన్న బ్యారెల్‌కి ఒకటి, లేనిదానికి ఇంకొకటి, పైగా పాత తుపాకయితే మీకంటే ముందున్న ఓనరు ఏం చేశాడో ఎవరికి తెలుసు. బీడ్ అమ్మే కంపెనీలు ప్యాకెట్ వెనక వేసే పట్టికలు కూడా ఒకదానితో ఒకటి కలవవు.

కాబట్టి కొలవండి. పాత బీడ్ దొరికితే దాని కాడని వెర్నియర్‌తో పట్టుకుంటే పని తేలిక. అరిగిన మర కాబట్టి పైన చెప్పిన అంకెల కంటే వెంట్రుకవాసి తక్కువే చూపిస్తుంది. 2.4, 2.5 అలా వస్తే 3-56 లేదా 2.6 అన్నమాట, 2.9 వస్తే 3 మి.మీ., 3.1 వస్తే 5-40, 3.4 వస్తే 6-48. బీడ్ పోయి రంధ్రమే మిగిలితే థ్రెడ్ చెకర్ కొనడం కంటే అయిదు సైజుల చవక ఇత్తడి బీడ్లు ఒక్కొక్కటి తెప్పించుకోవడం నయం, ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి. చిన్నదానితో మొదలుపెట్టి వేళ్ళతోనే తిప్పి చూడండి. సరైనదైతే రెండు మూడు చుట్లు ఏ బలమూ లేకుండా సాఫీగా దిగుతుంది. ఒక చుట్టు దిగి పట్టేసిందా, అది మీ సైజు కాదు, వెనక్కి తిప్పేయండి.

జాగ్రత్త పడాల్సిన జంట ఒకటుంది. 3-56కి పిచ్ లెక్కేస్తే 0.4536 మి.మీ., 2.6 మెట్రిక్‌కి 0.45. అంటే చుట్లు దాదాపు ఒకటే, మందంలో మాత్రం తేడా. 2.6 రంధ్రంలో 3-56 బీడ్ పెడితే హాయిగా దిగుతుంది, కానీ లోపల కదులుతూ ఉంటుంది. మీరేమో మర అరిగిందనుకుని జిగురు పోస్తారు, నాలుగు తూటాలు పేల్చగానే బీడ్ మాయం. తిరగేసి, 3-56 రంధ్రంలో 2.6 పెడితే మొదట్లో దిగినట్టే దిగి బిగుసుకుంటుంది, పటకారుతో బలం చేస్తే రంధ్రంలో మర కొట్టుకుపోతుంది. పూర్తిగా దిగాక పక్కకు అటూ ఇటూ ఊపి చూడండి, ఏమాత్రం ఆడినా పెద్ద సైజు వేసి చూడండి.

రెండో ఉచ్చు హార్డ్‌వేర్ షాపులో ఉంటుంది. 6-48 అనే మర తుపాకుల పనివాళ్ళ దగ్గర తప్ప మామూలు షాపుల్లో దొరకదు. అక్కడ దొరికేది 6-32. మందం ఒకటే, చుట్లు వేరు. "కొద్దిగా టైటుగా ఉంది" అనుకుంటూ దాన్ని తిప్పితే ఉన్న మర మొత్తం పోతుంది.

పాత బీడ్ తీయడం

బ్యారెల్‌ని వైస్‌లో పెడితే దవడలకు మధ్య చెక్క ముక్కలు గానీ మందపు తోలు గానీ పెట్టండి, గట్టిగా బిగించకండి, షాట్‌గన్ గొట్టం గోడ పల్చన, నొక్కుకుపోతుంది. వైస్ లేకపోతే తువ్వాలు చుట్టి ఇంకో మనిషిని పట్టుకోమంటే సరిపోతుంది. బీడ్ మొదట్లో చొచ్చుకుపోయే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి, మర్నాటి పని సగం అదే చేసిపెడుతుంది. బీడ్‌ని సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి చిన్న పటకారుతో పట్టుకుని ఎడమకు తిప్పండి. పిన్ వైస్ (చేత్తో పట్టుకునే చిన్న వైస్) ఉంటే ఇంకా మంచిది, గుండుని నాలుగు వైపులా పట్టుకుంటుంది, జారి బ్యారెల్ మీద గీత పడే భయం ఉండదు.

విరిగిన కాడ రంధ్రంలో ఉండిపోతే, అది పైకి కాస్తయినా పొడుచుకుని ఉందా చూడండి. అర మిల్లీమీటరు ఉన్నా చాలు, సన్నటి ఆకురాయితో దాని నెత్తిన గాడి కోసి కళ్ళజోడు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే వచ్చేస్తుంది. చుట్టూ రెండు మూడు వరసలు టేపు అంటించండి, ఆకురాయి జారితే టేపు మీద పోతుంది. కాడ లోపలికి ఉండిపోతే పదునైన సూదిమొన పంచ్‌తో దాని అంచున ఎడమవైపుకు చిన్నగా తడుతూ తిప్పి చూడండి, వదులుగా ఉన్న ఇత్తడి కాడలు చాలాసార్లు అలా కదులుతాయి.

అదీ కాకపోతే డ్రిల్లే. ఇక్కడ నా సలహా, ఎడమచేతి డ్రిల్ బిట్ కొనుక్కోండి, అంటే వెనక్కి తిరుగుతూ కోసే బిట్టు. 3-56 కాడకైతే 1.5 మి.మీ. బిట్టు సరిపోతుంది. సరిగ్గా మధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి, నూనె చుక్క వేసి, డ్రిల్‌ని రివర్స్‌లో నెమ్మదిగా నడిపితే సగం కోసేసరికి కాడ దానంతటదే బిట్టుకు పట్టుకుని బయటికి వస్తుంది. మామూలు కుడిచేతి బిట్టు కాడని ఇంకా లోపలికి బిగిస్తుంది. విరిగిన స్క్రూలు తీసే ఎక్స్‌ట్రాక్టర్లు ఈ సైజులో వద్దే వద్దు, అవి గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు బిట్టు దాన్ని ముట్టుకోలేదు. డ్రిల్ పెట్టే ముందు బ్యారెల్ లోపలికి సరిగ్గా పట్టే చెక్క కర్ర ఒకటి దూర్చండి, బిట్టు అవతలికి దిగిపోయినా ఎదుటి గోడకు తగలదు. చేతులు వణికే రకమైతే, చేతి డ్రిల్ తప్ప ఇంకేం లేకపోతే, ఇక్కడే ఆపి గన్‌స్మిత్‌కి ఇవ్వండి. ఆయనకిది రోజువారీ పని.

వేడి పెట్టి తీద్దామనుకుంటున్నారా? ఆగండి. ముందున్నాయన ఎర్ర లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టేసే జిగురు) వేసి ఉంటే అది వదలడానికి దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ కావాలి. డబుల్ బ్యారెళ్ళలో, ఓవర్ అండర్లలో చాలావాటికి రిబ్‌ని మెత్తటి టంకంతో అతికిస్తారు, సీసం తగరం టంకం 183 డిగ్రీల నుంచే కరగడం మొదలుపెడుతుంది. అంటే బీడ్ వదిలేలోపే రిబ్ లేచిపోతుంది. రిబ్ మళ్ళీ అతికించే ఖర్చుకు మంచి పాత పంప్ ఒకటి వస్తుందేమో.

రంధ్రంలో మరే పోయి ఉంటే తర్వాతి సైజుకు టాప్ చేయడం, అంటే కొత్త మర కోయడం, ఒక్కటే పక్కా దారి. 3-56ని 5-40కో 6-48కో పెంచాలి. 5-40కి 38వ నంబరు డ్రిల్, 6-48కి 31వ నంబరు. రిబ్ వెడల్పూ మందమూ దానికి సరిపోవాలి, ఆ చిన్న టాపులు గాజులా విరుగుతాయి. చెప్పానంతే, మొదటిసారి టాప్ పట్టుకునేవాళ్ళు సొంత బ్యారెల్ మీద నేర్చుకోవద్దు.

కొత్తది బిగించడం

రంధ్రాన్ని ఆల్కహాల్‌తో, పుల్లకు చుట్టిన దూదితో తుడవండి, పాత నూనె, పాత జిగురు ఏమీ మిగలకూడదు. ఇప్పుడు కొత్త బీడ్‌ని ఏ జిగురూ లేకుండా వేళ్ళతో పూర్తిగా దించి, బ్యారెల్ లోపలికి టార్చి వేసి చూడండి. రిబ్ లేని బ్యారెళ్ళలో చాలావాటికి ఆ రంధ్రం లోపలి దాకా ఉంటుంది, కాడ పొడవైతే లోపలికి పొడుచుకొస్తుంది. చాలామంది వదిలేసే తనిఖీ ఇదే. పొడుచుకొచ్చిన కాడని పెల్లెట్లు, వాడ్ (పెల్లెట్ల వెనక ఉండే బిరడా) ప్రతి పేలుడుకూ ఢీకొంటాయి, బీడ్ ఎగిరిపోవడం చిన్న నష్టం, చోక్ ఉన్న బ్యారెల్‌లో అయితే ట్యూబ్ ఆ కాడకు తగిలి ఇరుక్కుంటుంది, లేదా పూర్తిగా కూర్చోకుండానే బిగిసినట్టు అనిపిస్తుంది. సరిగ్గా కూర్చోని చోక్‌తో పేలిస్తే బ్యారెల్ కొసే చీలొచ్చు. అందుకే బీడ్ బిగించి ఉండగానే చోక్ ట్యూబ్‌ని చేత్తో తిప్పి చూడండి, మునుపటిలాగే చివరిదాకా దిగాలి.

పొడవెక్కువైతే బీడ్ బయటికి తీసి, పిన్ వైస్‌లో పట్టుకుని, కాడ కొసని ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయండి, అంచులు ఏటవాలుగా రుద్దండి, లేకపోతే చెదిరిన మర రంధ్రాన్ని గీస్తుంది. లోపలి గోడ కంటే ఒక చుట్టు తక్కువే ఉండేలా చూడండి. రిబ్ ఉన్న బ్యారెల్‌లో ఈ బాధ తక్కువే గానీ లోతు తక్కువ రంధ్రాలుంటాయి, కాడ అడుగు తగిలి బీడ్ భుజం రిబ్‌ని ఆనుకోకపోతే అప్పుడూ అరగదీయాల్సిందే.

మర పట్టించే మందుగా ఊదారంగు లాక్‌టైట్ 222 ఇలాంటి చిన్న స్క్రూలకే చేసింది. నీలం 242 అయినా పర్లేదు, సూదిమొనంత చాలు. మందుని కాడకి కాకుండా రంధ్రంలో పెట్టండి, ముఖ్యంగా ఫైబర్ ఆప్టిక్ బీడ్ (వెలుతురు పట్టి మెరిసే ప్లాస్టిక్ కడ్డీ ఉన్నది) అయితే, ఆ మందు కొన్ని రకాల ప్లాస్టిక్‌ని పగుళ్ళు పట్టిస్తుంది. ఎర్రది ఎందుకు వద్దో పైన చదివారు. సూపర్ గ్లూ వేసేవాళ్ళున్నారు, అది దెబ్బలకు పెళుసు, రికాయిల్ అంటేనే దెబ్బ. బీడ్‌ని వేళ్ళతో దించి, చివర్లో తోలు మధ్య పట్టుకుని పావు చుట్టు చాలు. 24 గంటలు ముట్టుకోకండి.

ఫైబర్ బీడ్ వేస్తే దాని కడ్డీ బ్యారెల్‌కి సమాంతరంగా రావాలి, వంకరగా ఆగితే బలంగా ఇంకా తిప్పకుండా దానితో ఇచ్చిన పల్చటి షిమ్ (సన్నటి రేకు) బీడ్ భుజం కింద వేయండి. ఫైబర్ కడ్డీ ఒక్కటే విరిగి చట్రం బాగుంటే బీడ్ మార్చాల్సిన పనే లేదు, అదే మందం కడ్డీ కోసి దూర్చి, కొసల దగ్గరికి లైటర్ మంట తెస్తే కరిగి తల కట్టుకుంటుంది. మంట తగలనీయకండి, దగ్గరికి తేవడమే. తర్వాత తుపాకి శుభ్రం చేసేటప్పుడు బ్రేక్ క్లీనరూ, ఎసిటోనూ ఆ కడ్డీ మీద పడనీయకండి.

ఎత్తు గురించి ఒక లెక్క. షాట్‌గన్‌కి వెనక గురిపుల్ల మీ కన్నే, కంటి నుంచి బీడ్ దాకా దాదాపు ఒక మీటరు. అంటే బీడ్ పాతదానికంటే 1 మి.మీ. ఎత్తుగా ఉంటే 40 గజాల దగ్గర దెబ్బ మూడున్నర సెంటీమీటర్లు కిందకి పడుతుంది. డవ్‌కి అది లెక్కలోకి రాదు. స్లగ్‌కి వస్తుంది. రిబ్ మీద తొడిగే అయస్కాంత ఫైబర్ గుర్తులు ఇంకా ఎత్తుగా ఉంటాయి, అందుకే అవి పెట్టాక కింద కొడుతున్నామని గోల. రిబ్ మధ్యలో రెండో చిన్న బీడ్ ఉన్నవాళ్ళు తుపాకి భుజానికెత్తి చూడండి, రెండూ ఒకదాని మీద ఒకటి 8 అంకెలా కనబడాలి, ముందు బీడ్ మరీ లావైతే వెనకదాన్ని మింగేస్తుంది.

గీతలు పడ్డచోట కోల్డ్ బ్లూ (ఇనుముకు నల్లరంగు పట్టించే మందు) రాసి, నూనె చేత్తో తుడిచి, తుపాకి కలపండి. రేంజికి తీసుకెళ్ళి పెద్ద కాగితం మీద, బెంచి ఆనించి, మీరు వేటలో వాడే తూటాతోనే, వాడే చోక్‌తోనే 40 గజాల నుంచి కనీసం మూడు కాగితాలు కొట్టండి, ఒక్క కాగితం చూసి తేల్చకండి. పెల్లెట్ల గుంపు ఎక్కువ ఉన్నచోట చుట్టూ 30 అంగుళాల వృత్తం గీసి, దాని మధ్య మీరు గురిపెట్టిన చుక్కకి ఎంత దూరంలో ఉందో కొలవండి. గుంపు ప్రతిసారీ ఒకే వైపు నాలుగైదు అంగుళాలు పోతుంటే తప్పు బీడ్‌ది కాకపోవచ్చు, మీ చెంప తుపాకి వెనక కర్ర మీద ఎక్కడ ఆనుతోందో చూసుకోవాలి. మొదటి పెట్టె తూటాలు అయిపోయాక తుపాకి ఖాళీ చేసి, బీడ్‌ని వేలితో ఊపి చూసి, చోక్ ట్యూబ్ ఒకసారి తీసి లోపల టార్చి వేయండి.